దస్త్రాలు ఇవ్వకపోయినా చరిత్ర రాసిన ఝాన్ లుక్ ఎనోదీ (1951–2014): మీ అభిప్రాయాలు చెప్పండి

గట్టుమీది_మాస్టారు
ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పాను. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రెంచి విప్లవాన్ని ఏటా ఊగిపోతూ చెప్పేవాణ్ణి. ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న అల్జీరియా మాత్రం మా పాఠ్యపుస్తకంలో ఒక్క పేరా. 1954లో యుద్ధం మొదలైంది, 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, అంతే. 1961 అక్టోబరు 17 రాత్రి పారిస్ నడిబొడ్డున పోలీసులు అల్జీరియన్లను కొట్టి చంపి నదిలో పడేశారన్న సంగతి నాకు ఉద్యోగ విరమణ అయ్యాకే తెలిసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఫ్రాన్సులోనే ఎవరికీ తెలియని ఆ సంగతిని తవ్వి తీసినవాడు ఎనోదీ. ఆయన ప్రొఫెసరు కాదు, ఏ విశ్వవిద్యాలయంలోనూ కుర్చీ లేదు. నేరాల్లో చిక్కుకున్న పిల్లలను సంస్కరించే ప్రభుత్వ సేవలో ఉద్యోగం. పగలు ఆ పిల్లలతో, మిగిలిన సమయమంతా ఈ పనితో. ఆ రాత్రి జరిగినప్పుడు ఆయన వయసు పదేళ్లు. పోలీసు దస్త్రాలు అడిగితే కాదన్నారు. దాంతో ఫ్రాన్సులోనూ అల్జీరియాలోనూ బతికి ఉన్నవారిని వెతుక్కుంటూ వెళ్లాడు. అల్జీరియా విమోచన సంస్థ ఎఫ్.ఎల్.ఎన్. తన కార్యకర్తల నుంచి అప్పట్లో తెప్పించుకున్న నివేదికలు సంపాదించాడు. పారిస్ శివార్లలోని త్యే శ్మశానవాటిక రిజిస్టర్లు తిరగేశాడు. 1991లో 'పారిస్ యుద్ధం' అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. అందులో చనిపోయినవారి పేర్ల జాబితా ఉంది.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు "ఆయన చరిత్రకారుడేమిటి, కార్యకర్త" అని తేల్చేశాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

మెట్రో_తెలుగు
మాస్టారూ, నమస్తే. పన్నెండేళ్లుగా పారిస్‌లో ఉంటున్నాను. సాన్ మిషెల్ వంతెన నేను వారానికి రెండుసార్లు దాటే దారి. వంతెన పక్క గోడకు ఒక ఫలకం ఉంటుంది. 2001 అక్టోబరు 17న నగర మేయరు దెలనోయె పెట్టించారు. "1961 అక్టోబరు 17 నాటి శాంతియుత ప్రదర్శనను రక్తసిక్తంగా అణచివేసినప్పుడు చంపబడిన ఎందరో అల్జీరియన్ల స్మృతికి" అని రాసి ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు బడిలో చెప్పిన కర్మణి ప్రయోగం గుర్తొచ్చింది. చంపబడ్డారు, సరే. చంపినదెవరు? వాక్యంలో కర్త లేడు. తల తిప్పి చూస్తే నది మధ్య ద్వీపం మీద కర్త కనిపిస్తాడు: పోలీసు ప్రధాన కార్యాలయం అక్కడే.

కొత్తవారి కోసం నేపథ్యం కొంచెం. ఆ అక్టోబరు 5న పోలీసు ప్రిఫెక్ట్, అంటే పారిస్ పోలీసు అధిపతి, మోరిస్ పాపోన్ ఒక ప్రకటన ఇచ్చాడు. అల్జీరియన్ కార్మికులు రాత్రి ఎనిమిదిన్నర నుంచి తెల్లవారి ఐదున్నర దాకా వీధిలోకి రాకూడదు. వారు నడుపుకునే, వారు వెళ్లే కాఫీ దుకాణాలు సాయంత్రం ఏడింటికల్లా మూసేయాలి. దానికి నిరసనగా ఎఫ్.ఎల్.ఎన్. అందరినీ భార్యాపిల్లలతో సహా వీధుల్లోకి రమ్మంది. ఆయుధం కాదు కదా, జేబులో చిన్న చాకు కూడా ఉండకూడదని ఆంక్ష. నాంతేర్ మురికివాడల నుంచి వానలో నడుచుకుంటూ, ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని వచ్చారు. ఇరవై ముప్పై వేల మంది అంటారు. పదకొండు వేలకు పైగా అరెస్టయ్యారు. నెయీ వంతెన దగ్గర (మన నెయ్యి కాదు, ఊరి పేరు) తుపాకులు పేలాయి. పట్టుకున్నవారిని ఒక పెద్ద క్రీడా మందిరంలో కుక్కారు. అదే మందిరంలో 20వ తేదీన అమెరికన్ గాయకుడు రే చార్లెస్ కచేరీ ఉంది కాబట్టి ఖైదీలను వేరేచోటికి తరలించి, నేల కడిగి, టిక్కెట్లు కొన్నవారిని లోపలికి పంపారు.

మర్నాటి అధికారిక లెక్క: ముగ్గురు మృతి.

అనుమానాల_పెట్టె
మాస్టారు "ఫ్రాన్సులోనే ఎవరికీ తెలియని" అన్నారు. అది సరికాదు. పాత్రికేయురాలు పోలెత్ పెజూ ఆ ఏడాదే పుస్తకం రాస్తే పోలీసులు జప్తు చేశారు. ఝాక్ పానిజెల్ 1962లోనే సినిమా తీశాడు, నిషేధించారు. ఎలీ కగాన్ ఆ రాత్రి స్కూటరు మీద తిరిగి ఫొటోలు తీశాడు. 1985లో మిషెల్ లెవీన్ పుస్తకమూ వచ్చింది. ఎనోదీ మొదటివాడు కాదు.

ఇక రెండో సంగతి. ఆయన 1982 దాకా మావోయిస్టు పార్టీలో ఉన్నవాడు. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా ఎఫ్.ఎల్.ఎన్. చేతిలో 11 మంది పోలీసులు హతమయ్యారన్న సంగతి మీ ఇద్దరూ ఎందుకు చెప్పలేదు? మూడోది లెక్క. ఎనోదీ మొదట రెండు వందల మంది అన్నాడు. తర్వాతి పుస్తకంలో సెప్టెంబరు, అక్టోబరు కలిపి మృతులూ గల్లంతైనవారూ 393 అన్నాడు. పోలీసు దస్త్రాలు చూసిన ప్రొఫెసరు ఝాన్ పోల్ బ్రూనే ముప్పై నుంచి యాభై అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

గట్టుమీది_మాస్టారు
మొదటిది ఒప్పుకుంటున్నాను, నా వాక్యం తప్పు. తెలియకపోవడం కాదు, తెలిసినవారి నోళ్లు నొక్కడం జరిగింది. అనుమానాల పెట్టె గారికి ధన్యవాదాలు.

పోలీసుల మరణాల సంగతీ నిజమే. అక్టోబరు 2న ఒక పోలీసు అంత్యక్రియల్లో పాపోన్ "మనకు ఒక దెబ్బ తగిలితే మనం పది దెబ్బలు కొడదాం" అన్నాడు. పది దెబ్బలూ ఎవరి మీద పడ్డాయో 17న తెలిసింది.

లెక్క సంగతి తీరిగ్గా రాస్తాను. మనవరాలిని బడి నుంచి తీసుకురావాలి.

కోర్టు_పక్షి
నేను న్యాయవాదిని. ఈయన కథలో నన్ను కట్టిపడేసింది 1999 నాటి పరువునష్టం దావా.

పాపోన్ సామాన్యుడు కాదు. జర్మన్ల ఆక్రమణ కాలంలో బోర్దోలో ఉన్నతాధికారి. 1956 నుంచి రెండేళ్లు అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో ప్రిఫెక్టు, మన కలెక్టరు లాంటి పదవి. 1958 నుంచి 1967 దాకా పారిస్ పోలీసు అధిపతి. ఆ తర్వాత మంత్రి కూడా. బోర్దో యూదులను శిబిరాలకు తరలించడంలో పాత్రకు గాను 1997 అక్టోబరులో విచారణ మొదలైతే, ఈ మనిషి ఎలాంటివాడో చెప్పమని ఎనోదీని సాక్షిగా పిలిచారు. ఆయన బోనులో నిలబడి 1961 రాత్రిని గంటల తరబడి చెప్పాడు. దేశమంతా విన్నది అప్పుడే. పాపోన్‌కు 1998 ఏప్రిల్‌లో పదేళ్ల శిక్ష పడింది.

మే 20న ఎనోదీ 'లె మోంద్' పత్రికలో రాస్తూ, 1961 అక్టోబరులో పారిస్‌లో పాపోన్ ఆదేశాలపై పోలీసులు ఊచకోత జరిపారన్నాడు. పాపోన్ పది లక్షల ఫ్రాంకులకు దావా వేశాడు. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. చంపలేదని తేల్చుకోబోయి, చంపారా లేదా అన్నది న్యాయస్థానంలో నాలుగు రోజులపాటు సాక్షులతో విచారించే అవకాశం తానే కల్పించాడు. 1999 మార్చి 26న తీర్పు. ఆ వాక్యం పరువుకు భంగమే, కానీ రాసినవాడు లోతుగా పరిశోధించి సద్భావంతో రాశాడు కాబట్టి నిర్దోషి అన్నారు. భద్రతా దళాల్లో చాలామంది ప్రతీకార కాంక్షతో అతి క్రూరంగా ప్రవర్తించారని కూడా తీర్పులో రాశారు. ఊచకోత అన్న మాటను ప్రభుత్వ న్యాయవాదే ఒప్పుకున్నాడు.

మన చట్టంలోనూ పరువునష్టానికి సద్భావం మినహాయింపు ఉంది, పాత 499 సెక్షనులో, ఇప్పుడు 356లో. సద్భావం అంటే మంచి మనసు కాదు, తగిన జాగ్రత్త. ఎనోదీని కాపాడింది ఆయన పడ్డ శ్రమే.

ఇంకో మాట. ఆ కర్ఫ్యూ చట్టరీత్యా కర్ఫ్యూ కాదు. ఒక జాతివారికి మాత్రమే ఆంక్ష పెట్టడానికి చట్టం ఒప్పుకోదు కనుక "అత్యంత గట్టిగా సలహా ఇవ్వడమైనది" అని రాశారు. సలహా వినకపోతే లాఠీ. ఈ ముసాయిదా రాసిన గుమాస్తా ఎవరో గానీ ఘటికుడు.

రికార్డు_గది
అందరూ ఎనోదీ గురించే రాస్తున్నారు. ఆ విచారణలో నిజంగా మూల్యం చెల్లించినవారు ఇద్దరున్నారు. బ్రిజిత్ లెనే, ఫిలిప్ గ్రాన్. పారిస్ నగర అభిలేఖాగారంలో అధికారులు.

నేను ఇరవై ఆరేళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయం రికార్డు గదిలో పనిచేశాను. ఎర్రగుడ్డలో కట్టిన కట్టలు, అట్టకు వేలాడే చీటీ, పైకప్పు నుంచి రాలే సున్నం. అడిగినవారికి మేము ఇచ్చే జవాబులు మూడు. "లేదు", "దొరకలేదు", "ఇవ్వం". మూడింటికీ తేడా ఉంది. "లేదు" అంటే ఎప్పుడో తగలబడింది. "ఇవ్వం" అంటే చట్టం అడ్డు. "దొరకలేదు" అంటే మాత్రం పైనుంచి ఫోను వచ్చిందని అర్థం. ఒకసారి భూమి తగాదాలో ఒక ముసలావిడకు నా చేత్తోనే "దొరకలేదు" అని రాసిచ్చాను. కట్ట నా వెనుక అరలోనే ఉంది. ఇప్పటికీ ఆ అర కళ్లముందు కదులుతుంది.

ఫ్రాన్సులో అప్పటి 1979 చట్టం ప్రకారం ఇలాంటి దస్త్రాలు అరవై ఏళ్లు, కోర్టు దస్త్రాలైతే వందేళ్లు బయటపెట్టేవారు కాదు. ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. ఎనోదీకి ఇవ్వలేదు. లెనే, గ్రాన్‌ల అధీనంలో ఆనాటి న్యాయశాఖ రిజిస్టర్లు ఉన్నాయి. నదిలో తేలిన శవాలు, తుపాకి గాయాలు, చితికిన తలలు, అల్జీరియన్ పేర్లు, పేరు తెలియనివారు, అన్నీ వరుసగా. దావాలో సాక్ష్యం చెప్పమని పిలుపు వస్తే లెనే కోర్టుకు వెళ్లింది, గ్రాన్ లిఖితపూర్వకంగా ఇచ్చాడు. దస్త్రాలు ఎనోదీ మాటను బలపరుస్తున్నాయని ఇద్దరూ చెప్పారు.

తర్వాత ఏమయిందో తెలుసా? ఉద్యోగం తీసేయలేదు. పని తీసేశారు. దస్త్రాలు ముట్టుకోకూడదు, వచ్చినవారితో మాట్లాడకూడదు. సాటి ఉద్యోగులే వారికి వ్యతిరేకంగా సంతకాలు చేశారు. లెనే విషయంలో 2003లో పరిపాలనా న్యాయస్థానం ఆ ఉత్తర్వు చెల్లదన్నా, పని వెంటనే తిరిగి చేతికి రాలేదు. ఆమె 2018లో పోయింది.

ఖాళీ బల్ల ముందు రోజంతా కూర్చోవడం ఏమిటో మా ఉద్యోగంలో చేసినవారికే తెలుస్తుంది. జీతం వస్తుంది, ఎవరూ పలకరించరు.

మెట్రో_తెలుగు
రికార్డు గది గారూ, మీ "దొరకలేదు" చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నిర్వాహకుడు
ఇక్కడి పార్టీల ప్రస్తావన ఉన్న రెండు సందేశాలు తొలగించాను. దయచేసి విషయం మీదే ఉండండి.

గట్టుమీది_మాస్టారు
ఇప్పుడు లెక్క సంగతి. బ్రూనేకు పోలీసు దస్త్రాలు చూడనిచ్చారు, ఎనోదీకి చూడనివ్వలేదు. ఇద్దరినీ ఒకే తక్కెడలో వేయడానికి ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి. పోలీసు దస్త్రంలో ఉండేది పోలీసులు రాసుకున్నది మాత్రమే. పైగా ప్రభుత్వమే వేసిన మందెల్కెర్న్ విచారణ 1998లో ఇచ్చిన నివేదికే, నదిలో గస్తీ తిరిగే పోలీసు దళం కాగితాలు ధ్వంసమయ్యాయని చెప్పింది. నదిలో పడేశారా లేదా అన్నదే ప్రశ్న అయితే, పోయినవి సరిగ్గా ఆ కాగితాలే! జిమ్ హౌస్, నీల్ మాక్‌మాస్టర్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 2006లో అన్నీ వడపోసి, ఆ రెండు నెలల్లో కనీసం నూట ఇరవై మంది అన్నారు. ఎనోదీ జాబితాలో ఇతర కారణాల వల్ల చనిపోయినవారు కొందరు కలిసి ఉండవచ్చు. ఆ విమర్శను కొట్టిపారేయను. కానీ ముగ్గురు అన్న లెక్కను కూల్చింది ఆ జాబితాయే.

నాకు అంకెకన్నా ఒక పేరు ఎక్కువ గుర్తుంది. ఫాతిమా బెదార్. పదిహేనేళ్ల బడిపిల్ల. 17న ఊరేగింపుకు వెళ్తానంటే తల్లి వద్దంది. పుస్తకాల సంచితో బయలుదేరిన పిల్ల తిరిగి రాలేదు. అక్టోబరు 31న సాన్ దెనీ కాలువలో శవం దొరికింది. ఆత్మహత్య అని కాగితం రాసి, చదువురాని తండ్రి చేత సంతకం పెట్టించుకున్నారు. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అదే నిజమనుకున్నారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ అక్క పోయిన తీరు తెలియకుండానే పెరిగారు. ఎనోదీ ఆ కాగితం వెనుక ఏముందో తవ్వాడు. 2006లో ఆమె అస్థికలను అల్జీరియా తీసుకువెళ్లి అక్కడ ఖననం చేశారు.

ఒక పిల్ల చావుకు రాసిన కారణం తప్పు అని తేల్చడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కాలి? నా మిత్రుడికి ఇదే చెప్పాను. పట్టా ఉన్న నేను ముప్పై ఏళ్లలో ఒక్క గుమ్మమూ ఎక్కలేదు.

అనుమానాల_పెట్టె
ఫాతిమా సంగతి నాకు తెలియదు. అంకెల గురించి నా సందేహం సందేహంగానే ఉంటుంది గానీ, "కార్యకర్త" అన్న మాట ఉపసంహరించుకుంటున్నాను. నేను అనలేదు నిజమే, మాస్టారి మిత్రుడు అన్నాడు. మనసులో మాత్రం నేనూ అనుకున్నాను.

ఒక్క అదనపు సంగతి. 1986లో ఆయన మొదటి పుస్తకం ఫెర్నాన్ ఇవ్‌తోన్ గురించి. అల్జీర్స్ గ్యాస్ కర్మాగారంలో పనిచేసే యూరోపియన్ కమ్యూనిస్టు కార్మికుడు. 1956 నవంబరులో అతను పెట్టిన బాంబు పేలనేలేదు, ఎవరూ చావలేదు. అయినా 1957 ఫిబ్రవరి 11న గిలోటిన్ ఎక్కించారు. అప్పటి న్యాయశాఖ మంత్రి ఫ్రాన్స్వా మితెరాన్. ఎనోదీ పుస్తకం వచ్చేనాటికి దేశాధ్యక్షుడు కూడా ఆయనే. వామపక్షం వాడు వామపక్ష అధ్యక్షుడి పాత సంతకాల జోలికి వెళ్లాడు. ఈ మార్కు వేయక తప్పదు.

యానాం_మనవడు
ఆలస్యంగా చూశాను. మాది యానాం. 1954 జూన్ 13న విలీన ఉద్యమకారులు యానాం పరిపాలన చేతుల్లోకి తీసుకున్నప్పుడు మా తాతగారికి పద్నాలుగేళ్లు. ఆ ఏడాది నవంబరు 1న ఫ్రెంచివారు నాలుగు స్థావరాల పాలననూ భారత్‌కు అప్పగించారు. విచిత్రం ఏమిటంటే అల్జీరియా యుద్ధం మొదలైంది కూడా సరిగ్గా అదే రోజు, 1954 నవంబరు 1న. అప్పగింత ఒప్పందం మీద సంతకాలు 1956 మేలో. అది చట్టబద్ధంగా అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. మధ్యలో ఆరేళ్లు ఎందుకు నానిందో అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చిన తేదీ చూస్తే అర్థమవుతుంది: 1962 జూలై 5.

ఒప్పందం ప్రకారం ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవచ్చు. మా వీధిలో ఒకాయన ఎంచుకున్నారు. అంతకుముందే ఫ్రెంచి సైన్యంలో చేరి "ఆ ఇసుక దేశంలో" ఉన్నారట. నెలనెలా ఫ్రాన్సు పింఛను. పిల్లలం ఎంత అడిగినా అక్కడ ఏం చేశారో చెప్పేవారు కాదు. అరుగు మీద కూర్చుని పుంజును నిమురుతూ "వేడి ఎక్కువ" అనేవారు. అంతే. ఆయన పోయి ఇరవై ఏళ్లు. రేకుపెట్టె వారి అబ్బాయి దగ్గర ఉంది. ఒక చిన్న పుస్తకం, సైన్యానిది, ఫ్రెంచిలో ఉంది. ఎవరైనా చదివిపెడతారా?

మెట్రో_తెలుగు
తప్పకుండా. వారి అబ్బాయి అనుమతి తీసుకుని ఫొటోలు పెట్టండి. పేరు, నంబరు కనబడకుండా వేలు అడ్డుపెట్టండి.

యానాం_మనవడు
అడిగాను, సరేనన్నారు. రెండు పేజీలు పెట్టాను. చేతిరాత కొక్కిరిగా ఉంది. అల్జీరియా అన్న మాట కోసం వెతికాను, ఎక్కడా కనబడలేదు. వేరే దేశం వెళ్లారేమో.

మెట్రో_తెలుగు
కనబడదు. రెండో పేజీలో ముద్ర పక్కన మూడు అక్షరాలు చూడండి: ఏ.ఎఫ్.ఎన్. ఉత్తర ఆఫ్రికాలోని ఫ్రెంచి ప్రాంతం అని. అది దండయాత్ర కాదు, యుద్ధమూ కాదు, శాంతిభద్రతల కార్యక్రమం అని రాసుకునేవారు. యుద్ధం అనే మాటను చట్టంలో ఒప్పుకున్నది 1999 అక్టోబరులో. తేదీలు 1958 మార్చి నుంచి 1960 జూన్ దాకా ఉన్నాయి. ఊరి పేరు దగ్గర సిరా అలుక్కుపోయింది, "కాన్‌స్ట" దాకా చదవగలుగుతున్నాను.

రికార్డు_గది
యానాం మనవడు గారూ, ఆ పేజీని కిటికీ దగ్గర పెట్టి, వెలుగు పక్కనుంచి పడేటట్టు మళ్లీ ఫొటో తీయండి. సిరా పోయినా కలం ఒత్తిడి గీత మిగులుతుంది. వెనుక పేజీ కూడా తిప్పి తీయండి.